కొంగలు ఎటు తిరిగి నిలబడ్డాయి

"ఈ దుప్పటి మళ్ళీ ఉతకాల్సిందే," అంది అమ్మ, దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని. "ఒకటే పొగ కంపు. ఆరేసేముందు పొగ ఎటు పోతోందో చూసుకోవద్దూ?"

"చూసే ఆరేశాను అత్తయ్యా. నేను ఆరేసినప్పుడు పొగ ఇటు రావడం లేదు," అంది మే-చూ, గిన్నెలు తోముతూ వెనక్కి తిరగకుండానే.

"అయితే దుప్పటే నడుచుకుంటూ డ్రమ్ము దగ్గరికి వెళ్ళిందన్నమాట."

"డ్రమ్ములో చేపలకి పొగ పెట్టింది మీరు. మూత వెయ్యాల్సింది కూడా మీరే."

"చేతిలో అగరొత్తులు పెట్టుకుని మూతలు వేస్తూ కూర్చోవాలా? దేవుడి దగ్గర నిలబడ్డదాన్ని కూడా పనికి పిలిచే కోడలు నాకే దొరికింది."

మా తమ్ముడు ఆ-తూ నిన్న సాయంత్రం నుంచి లాకప్పులో ఉన్నాడు. వాడి తల్లీ పెళ్ళామూ దుప్పటి గురించి పోట్లాడుకుంటున్నారు. పొద్దుట్నుంచి ఇద్దరిలో ఒక్కరూ వాడి పేరెత్తలేదు. ఎత్తితే ఏడుపొస్తుందని ఇద్దరికీ తెలుసు. దుప్పటి గురించైతే ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు.

నేను బూట్లు తొడుక్కుంటూ విన్నాను. నా జేబులో పోలీసు డిటెక్టివ్ కార్డు ఉంది గానీ ఈ కేసులో దానికి విలువ లేదు. నిందితుడు తోడబుట్టినవాడు కాబట్టి దర్యాప్తుకు దూరంగా ఉండమని పైనుంచి ఆర్డరు వచ్చింది. ఇంకో సంగతి ఇంట్లో చెప్పలేదు. సాయంత్రానికల్లా ఆ-తూని కోర్టుకు తీసుకెళ్తారు. ఒకసారి అక్కడికి చేరాడంటే రెండు నెలల వరకు ఇంటి మొహం చూడడు.

జరిగింది ఇది. ఫాంగ్ మాస్టారు బడినుంచి రిటైరయ్యాక ప్రతి చలికాలం మా చెరువు గట్టు మీదే గడుపుతారు. మూడుకాళ్ళ స్టాండు మీద స్కోప్ దుర్భిణి బిగించి, దాని కంటిచివరకు ఫోను తగిలించి, నల్లమొహం తెడ్డుముక్కు కొంగల్ని ఫోటోలు తీస్తారు. ఆ పక్షుల కాళ్ళకున్న రింగుల మీది అంకెలు మామూలు కంటికి ఆనవు. ఆయన ఎంత దూరం నుంచైనా చదివి, ఏ పక్షి ఏ దేశం నుంచి వచ్చిందో చెబుతారు. ఈ ఏడు కొంగలు చేపల్ని తినేస్తున్నాయని ఆ-తూ చెరువు మీద తాళ్ళు కట్టాడు. మాస్టారు గొడవపడ్డారు. శుక్రవారం అందరి ముందూ మావాడు నోరు జారాడు: "మళ్ళీ గట్టు మీద కనిపిస్తే నిన్నూ నీ గొట్టాన్నీ కలిపి చెరువులోకి తోస్తా."

శనివారం మాస్టారు గట్టు మీదికి వచ్చారు. ఇంటికి చేరలేదు. ఆదివారం పక్షుల క్లబ్బువాళ్ళు, ఊళ్ళోవాళ్ళు వెతికారు. సాయంత్రం ఆయన స్కోప్ మా తమ్ముడి షెడ్డులో, మేత బస్తాల వెనక దొరికింది. శనివారం మధ్యాహ్నం వాళ్ళిద్దరూ షెడ్డు దగ్గర కొట్టుకోవడం చూశానని ఎవరో సాక్ష్యం చెప్పారు. ఆ సాక్షి ఎవరన్నది మాకు చెప్పలేదు.

రెండు రాత్రులుగా ఉత్తరపు గాలి ఎముకలు కొరుకుతోంది. డెబ్భై దాటిన మనిషి ఎక్కడో పడి ఉంటే మూడో రాత్రి గడవదు. నాకు ఇద్దరు మనుషులు కావాలి. వాళ్ళలో ఒకరు దొరికితేనే రెండోవాడు ఇంటికి వస్తాడు.

"మధ్యాహ్నం భోజనానికి రా పే-యూన్," అంది అమ్మ. "రాకపోతే నేనూ తినను."

*

షెడ్డు ముందు లారీలోంచి పంపులు దింపుతున్నారు. నగరం నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టర్ కో నన్ను చూడగానే చేతులు కట్టుకున్నాడు.

"అక్కగారు వచ్చారు! తమ్ముడు తుడవకుండా వదిలినవి ఏమైనా ఉంటే తుడుద్దామనా?"

"ఏదీ ముట్టుకోను కో గారూ. ఒకసారి స్కోప్ చూసి వెళ్తాను."

"చూడండి. మీరూ చూస్తే ఇంట్లో ఏడ్చేవాళ్ళకి నచ్చజెప్పడం తేలిక."

స్కోప్ ప్లాస్టిక్ పట్టా మీద ఉంది. అద్దానికి మూత పెట్టి ఉంది. ఫోను తగిలించే బిగింపు ఖాళీ. స్టాండు కాళ్ళు మడిచి, పట్టీ కూడా చుట్టి ఉంది. నేను మోకాళ్ళ మీద కూర్చున్నాను.

"ఈ స్టాండు కాలి అడుగు భాగం బయటికి లాగుతారా?"

"ఎందుకు?"

"గ్లవుజులు మీకున్నాయి, నాకు లేవు."

విసుక్కుంటూనే లాగాడు. లోపల దాగి ఉన్న సన్నటి గొట్టం బయటికి వచ్చింది. దాని చివర జానెడు మేర తెల్లటి పొర, పంచదార పాకంలా గట్టిపడి ఉంది. మిగతా రెండు కాళ్ళూ అంతే.

"ఇది ఉప్పు," అన్నాను. "మా గట్టు మీద నిలబెట్టిన దేనికైనా నల్లమట్టి అంటుతుంది. ఎండినా ఊడదు. మీ బూట్లు చూసుకోండి. ఈ స్టాండుకి మట్టి మరక ఒక్కటి లేదు. మాస్టారు చివరిసారి దీన్ని నిలబెట్టింది ఇక్కడ కాదు, చెరువుకి ఉత్తరాన ఉన్న పాత ఉప్పుమడుల్లో."

"మీ తమ్ముడు మట్టి కడిగేసి ఉంటాడు."

"మట్టి కడిగి, ఉప్పు మాత్రం వదిలేశాడా? నీళ్ళు తగిలితే ముందు పోయేది ఏది?"

చుట్టూ ఉన్న కానిస్టేబుళ్ళు చూపులు దించుకున్నారు. పదిమందిలో అలా అడగకుండా ఉండాల్సింది. తలుపు దగ్గర ఇంకో మనిషి నిలబడి ఉన్నాడని అప్పటికి నేను చూడలేదు.

"ఉప్పూ పప్పూ తర్వాత," అన్నాడు కో, ఫైల్లోంచి ఒక పెద్ద ఫోటో తీసి నా మొహం మీదికి చాపి. "నోరు మూతపడాలంటే ఇది చాలు. శనివారం మధ్యాహ్నం మూడింటికి తీసింది. తీసినాయన దక్షిణపు గట్టు మీద, పక్షుల్ని చూసే చాటుగదిలో ఉన్నాడు. అదే సమయంలో ఈ షెడ్డు దగ్గర మీ తమ్ముడు ముసలాయన కాలరు పట్టుకోవడం కళ్ళారా చూశాడు. ఇదిగో, ఆయనే వచ్చారు. రండి డాక్టర్ గారూ."

తలుపు దగ్గరి మనిషి లోపలికి వచ్చాడు. డాక్టర్ వెన్. ఊళ్ళో సగం మంది పళ్ళు ఆయన చేతుల మీదుగానే ఊడాయి. పక్షుల ఫోటోగ్రాఫర్ల క్లబ్బుకి పెద్ద. మాస్టారి కోసం రెండు రోజులుగా ఆస్పత్రి మూసుకుని తిరుగుతున్నాడు. సాక్షి ఈయనా!

"మీ ఇంటి మీద నాకేం కోపం లేదమ్మా," అన్నాడు మెత్తగా. "చూసింది చెప్పక తప్పలేదు."

ఒక కానిస్టేబుల్ వేడి బన్నుల సంచీ పట్టుకొచ్చి అందరికీ ఇస్తున్నాడు. డాక్టర్ చెయ్యి అడ్డం పెట్టాడు. "మాంసమా? వద్దు బాబూ. చేప కూడా ముట్టి పాతికేళ్ళయింది."

నేను ఫోటో చూస్తున్నాను. స్కోప్‌లోంచి తీసింది. చుట్టూ నల్లటి అంచు, మధ్యలో చందమామలా గుండ్రటి వెలుగు. నీళ్ళలో తెల్లకొంగలు బారులు తీరి ఉన్నాయి. ముందున్న పక్షి కాలి రింగు మీది అంకెలు స్పష్టంగా చదవొచ్చు.

"చాలా బాగుంది," అన్నాను. "ఒక్క పక్షీ మనకి వీపు పెట్టలేదు."

"వీపులెవరు తీస్తారమ్మా?" నవ్వాడు డాక్టర్. "తోకలు తీసి గోడకి తగిలించుకుంటామా?"

"ఫోటో మీద టైము కెమెరాదేనా?"

"కెమెరాదే."

"దాని గడియారం వేలితో తిప్పొచ్చు కదా?"

"మేడమ్!" అన్నాడు కో.

"సరే. ఆ వేళ చలి ఎలా ఉంది డాక్టర్ గారూ?"

"చలా? చాటుగది కిటికీలోంచి గాలి మొహం మీద ఫెళ్ళున కొడుతుంటే కళ్ళల్లో నీళ్ళు! స్కోప్‌కి కన్ను ఆనించలేకపోయాను. అయినా వదల్లేదు. మా పిచ్చి మాది."

"షెడ్డు మీకు ఎటు ఉంది?"

"కుడిచేతి వైపు. తల తిప్పితే కనిపిస్తుంది. తిప్పాను. కనిపించింది."

ఏ ప్రశ్నకూ తడబడలేదు. అయినా ఆ ఫోటోలో ఏదో తేడాగా ఉంది. పుట్టినప్పట్నుంచి చూస్తున్న ఇంట్లో ఎవరో ఒక కుర్చీ జరిపినట్టు. ఏ కుర్చీయో తెలియడం లేదు.

"కో గారూ, పంపులు ఆపండి," అన్నాను. "సగం మందిని ఉత్తరానికి పంపండి. ఉప్పుమడుల వెనక ఉప్పు నిలవచేసే పాత కొటార్లున్నాయి, పైకప్పులున్నవి. మనిషిని దాచాలన్నా, దెబ్బతిన్న మనిషి పాక్కుంటూ వెళ్ళాలన్నా అదే చోటు."

"అవి నిన్ననే వెతికారు. ఏం లేదు. భోజనాలవగానే మీ చెరువు తోడిస్తాను. మనిషి అడుగున ఉన్నాడు."

"ఈ చలికి నీళ్ళు తీస్తే పాలబొంత చేపల్లో ఒక్కటీ బతకదు. ఏడాది పంట."

"మనిషి కంటే చేపలెక్కువా?"

"మనిషి చెరువులో లేడంటున్నాను!"

"ఆ మాట అక్క అంటోంది. పోలీసు అనడం లేదు." నా భుజం పక్కనుంచి చెయ్యి చాపి తలుపు చూపించాడు. "ఇంకోసారి ఇక్కడ కనిపిస్తే మీ కార్డు నేనే తీసుకుంటాను."

బయటికి వస్తూ వెనక్కి చూశాను. డాక్టర్ వెన్ చేతికి గ్లవుజు సగం తొడిగి ఆగిపోయాడు. స్టాండు కాళ్ళకున్న తెల్లపొర వంకే చూస్తున్నాడు.

*

అమ్మ చేపల జావ వండింది. అల్లం, వేయించిన ఉల్లిపాయలు, పక్కన ముల్లంగి ఒరుగుల ఆమ్లెట్. ఆ-తూ కూర్చునే చోట కూడా గిన్నె పెట్టి ఉంది. ఎవరూ దాన్ని తీయలేదు.

పొద్దుటి దుప్పటి మళ్ళీ కుర్చీ వీపు మీదికి వచ్చింది. మే-చూ ఉతకలేదు. అమ్మ ఊరుకోలేదు.

"అలాగే కప్పుకుంటారు కాబోలు."

"నా తప్పయితే ఉతికేదాన్ని అత్తయ్యా. శనివారం పొద్దున దక్షిణపు గాలి. డ్రమ్ము పొగంతా చెరువు వైపు పోయింది. అందుకే ఇంటి వైపు దండెం మీద వేశాను. మధ్యాహ్నం గాలి తిరుగుతుందని నాకేం తెలుసు?"

"తిరిగింది కదా, తియ్యొద్దూ? శనివారం చాంద్రమాసంలో పదహారో రోజు. అన్నాలయ్యాక నేలదేవుడికి నైవేద్యం పెట్టి, చెరువు వైపు తిరిగి అగరొత్తులు వెలిగించానో లేదో, రయ్యిన ఉత్తరపు గాలి! బూడిదంతా నా కళ్ళల్లోనే. చలి అప్పుడు మొదలైంది, ఇప్పటిదాకా వదల్లేదు. నేను కళ్ళు నులుముకుంటుంటే నువ్వు లోపల..."

"ఆగమ్మా," అన్నాను.

ఇద్దరూ నా వైపు చూశారు.

"పొద్దున దక్షిణపు గాలి. నువ్వు అగరొత్తులు వెలిగించాక ఉత్తరపు గాలి. మళ్ళీ మారలేదు. అంతేనా?"

"ప్రమాణం చెయ్యమంటావా?"

నేను అన్నం తినే పుల్లలు కింద పెట్టాను. నా గిన్నె చెరువనుకున్నాను. ఒక పుల్ల దక్షిణపు గట్టు. చెంచా కొంగ.

"కొంగలు నీళ్ళలో ఊరికే ఉన్నప్పుడు ఎటు తిరిగి నిలబడతాయి?"

"ఇదేం ప్రశ్న? గాలికి ఎదురుగా," అంది మే-చూ. "వెనకనుంచి గాలి కొడితే ఈకలు లేచి చలేస్తుంది కదా వాటికి."

"శనివారం మూడింటికి గాలి ఉత్తరం నుంచి. అంటే కొంగలన్నీ ఉత్తరానికి తిరిగి ఉండాలి. దక్షిణపు గట్టు మీద నిలబడి చూసేవాడికి ఏం కనిపిస్తుంది?"

మే-చూ చెంచా వంక చూసింది. "తోకలు."

"ఆ సాక్షి చూపించిన ఫోటోలో అన్నీ మొహాలే. అది పొద్దున తీసింది, దక్షిణపు గాలిలో. గడియారం తిప్పి మధ్యాహ్నం తీశానంటున్నాడు. రింగు అంకెలు చూసుకున్నాడు, టైము చూసుకున్నాడు. పోలీసులకి ఇచ్చేదైనా తోకల ఫోటో ఇవ్వడానికి మనసొప్పని మనిషి, గాలి సంగతి మర్చిపోయాడు. పైగా గాలి తన మొహానికే కొట్టిందని, అంటే ఉత్తరపు గాలేనని, నాతో తనే చెప్పాడు. మధ్యాహ్నం ఆ గాలిలో బయట తిరిగిన మాట నిజమే. చాటుగదిలో మాత్రం కాదు."

"ఎవరు వదినా?"

"డాక్టర్ వెన్."

మే-చూ చేతిలో గరిటె గిన్నెలోకి జారింది. "డాక్టర్ గారా మా ఆయన మీద సాక్ష్యం చెప్పింది?" లేచి నిలబడింది. "వాడికి నేను రెండు రోజులుగా అన్నం పెడుతున్నాను వదినా!"

"ఏం పెట్టావు?"

"జావ. నిన్న వెతకడానికి వచ్చినవాళ్ళందరికీ పోశాను కదా. తనకి డబ్బాలో కట్టివ్వమన్నాడు. ముళ్ళు శుభ్రంగా తీసెయ్యమ్మా అన్నాడు. ఇవాళ పొద్దున కూడా వచ్చి తీసుకెళ్ళాడు. పాపం, మాస్టారి కోసం తిండి మాని తిరుగుతున్నాడనుకుని నేనే ఇంకో గరిటె ఎక్కువ..."

"చేపల జావ?"

"మరి మనింట్లో ఇంకేం ఉంది?"

"వాడు పాతికేళ్ళుగా చేప ముట్టలేదు."

అమ్మ మెల్లిగా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "మాస్టారికి పళ్ళు లేవు," అంది. "కట్టుడు పళ్ళు. ముల్లు తగిలితే తినలేడు."

"బతికే ఉన్నారు," అన్నాను. "నిన్న ఉప్పుమడుల వైపు ఎవరు వెతికారు మే-చూ?"

"జనాన్ని పంచింది డాక్టరే. దూరం నడవలేనివాళ్ళు రోడ్డు పక్కన చూడండి, కొటార్లు నా కారులో నేనే చూసొస్తానన్నాడు. వచ్చి ఏం లేదన్నాడు." ఆమె కళ్ళనిండా నీళ్ళు. "ఇంకో సంగతుంది. మీకు చెప్పలేదు. శుక్రవారం గొడవయ్యాక మాస్టారు వెళ్తూ నాతో అన్నారు, 'నీ మొగుడి తాళ్ళ గురించి కాదమ్మా నా బెంగ. ఆ రింగు పక్షి మూడు రోజులుగా చాటుగది ముందునుంచి కదలడం లేదు. దాని కాలికి ఎవరో దారం కట్టారు. రేపు ఎదుటి ఉప్పుమడుల నుంచి చూసి, కట్టేవాణ్ణే ఫోటో తీస్తాను,' అని. తాడు మాట ఎత్తితే మా ఆయన మీదికే వస్తుందని భయపడ్డాను."

వెలుతురుకి ఎదురని ఉప్పుమడుల నుంచి ఎవరూ ఫోటోలు తీయరు. అటునుంచి ఒక స్కోప్ తనవైపు చూస్తుందని డాక్టర్ వెన్ అనుకుని ఉండడు. పక్షి కదలకుండా నిలబడితే ఫోటో బాగా వస్తుంది. ఆ ఫోటోల మీదే ఆయన పేరంతా నిలబడింది. మాస్టారి ఫోనులో ఏముందో, స్కోప్‌ని మా షెడ్డులో ఎవరు దాచారో నాకు ఇక చూడకుండానే తెలుసు.

కోకి ఫోన్ చేశాను. ఎత్తాడు.

"కో గారూ, ఆ ఫోటో పొద్దున తీసింది. మాస్టారు కొటార్లలో..."

"ఏంటి? పంపులు... వినపడట్లేదు!" వెనక ఇంజన్ల హోరు. "తర్వాత!" పెట్టేశాడు.

"మొదలెట్టేశారా?" అంది అమ్మ. చెరువు వైపు కిటికీ తెరిచింది. పంపుల మోత లోపలికి వచ్చింది. ఆమె చూపు మాత్రం చెరువు మీద లేదు. "పే-యూన్, ఆ తెల్లకారు ఎవరిది?"

ఉత్తరపు గట్టు చుట్టు దారిలో దుమ్ము లేపుకుంటూ ఒక కారు పోతోంది.

"డాక్టర్‌ది," అంది మే-చూ. "నిన్నా ఇవాళా మన గుమ్మం ముందు ఆగి జావ పట్టుకునే అటు వెళ్ళాడు." కిటికీ దగ్గరికి వచ్చింది. "ఇప్పుడు ఆగలేదు వదినా."

ఇక మాస్టారికి తిండి అక్కర్లేదన్నమాట. స్టాండు కాళ్ళకున్న ఉప్పు పొద్దున ఆయన కూడా చూశాడు. చూపించింది నేనే.

జేబులోంచి కార్డు తీసి ఆ-తూ గిన్నె పక్కన పెట్టాను.

"నేను కొటార్లకి వెళ్తున్నాను," అన్నాను. "ఆర్డరు లేదు. పోలీసుగా కాదు. ఆలస్యమైతే మాస్టారు లేరు, మాస్టారు లేకపోతే తమ్ముడూ లేడు. సాయంత్రం వాణ్ణి కోర్టుకి తీసుకెళ్తారమ్మా. నీకు చెప్పలేదు."

అమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"కారు గట్టు చుట్టూ తిరిగి వెళ్ళాలి," అంది. "కాలవలోంచి ఆ-తూ తెప్ప మీద వెళ్తే కొటార్ల వెనక్కే తేలతారు. మే-చూ, ఇంజన్ నువ్వు నడుపు. మీ ఆయన కంటే నువ్వే బాగా నడుపుతావు, ఇన్నాళ్ళూ ఆ మాట పైకి అనలేదు."

"మీరో అత్తయ్యా?"

"నేను షెడ్డుకి వెళ్తాను. ఆ పంపుల ముందు కూర్చుంటాను. ముసలిదాన్ని, లాగేస్తారా? పంపులు ఆగితే ఆ ఇన్‌స్పెక్టర్‌కి చెవులు వినిపిస్తాయి. వినిపించాక కొంగలు ఎటు తిరిగి నిలబడతాయో నేనే చెబుతాను."

గిన్నెలన్నిటి మీదా మూతలు పెట్టింది. అలమరలోంచి ఇంకో గిన్నె తీసి, ఆ-తూ గిన్నె పక్కన బోర్లించింది. తర్వాత కుర్చీ మీది దుప్పటి మడిచి నా చేతుల్లో పెట్టింది.

"పొగ కంపే గానీ వెచ్చగా ఉంటుంది. ఆయనకి కప్పు," అంది. "అందరూ వచ్చాకే భోజనం."